భజనలకు ఇన్వర్టర్ జనరేటర్: ఏళ్ళ తరబడి వాడినాక

మాది ఉరవకొండ పక్క. ఊళ్ళలో భజనలకు, హరికథలకు, చిన్న పెళ్ళిళ్ళకు మైక్‌సెట్టు కట్టడం నా పని. చేత్తో మోసుకుపోయే 2 కేవీఏ పెట్రోలు ఇన్వర్టర్ జనరేటర్‌ను చాలా జాతరలుగా వాడుతున్నా. చప్పుడు తక్కువని కొన్నా. మళ్ళీ కొనాల్సి వచ్చినా అందుకే కొంటా.

మామూలు చిన్న జనరేటర్ లోడు ఉన్నా లేకున్నా నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే, లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు రాదు. అందుకే ఒక్క బల్బు వెలిగించినా అదే రొద. ఇన్వర్టర్ రకంలో పుట్టిన కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్ళీ ఎలక్ట్రానిక్ బోర్డు 230 వోల్టుల ఏసీగా తయారు చేస్తుంది. ఇంజను వేగంతో దానికి పని లేదు. లోడు తక్కువైతే ఇంజను నెమ్మదిస్తుంది, పెట్రోలూ మిగులుతుంది. మిక్సరు, కీబోర్డు ఉన్నచోట పాత జనరేటర్ పెడితే స్పీకర్లలో సన్నగా గుయ్‌మనే మోత ఆగేది కాదు. దీనితో ఆ బాధ తీరింది. ఒకసారి పల్లవికీ చరణానికీ మధ్య తాళాలు ఆగినప్పుడు, భజన గురువు నా వైపు తిరిగి "ఏమప్పా, మిషను ఆపేసినావా?" అని అడిగినాడు. "లేదు గురువా, గుడి ఎనక ఆడుతాంది" అన్నా. వయసు మళ్ళినోళ్ళు గొంతు చించుకోకుండా పాడగలిగినారు. నాకు దానికంటే పెద్ద లాభం లేదు.

లోడును బట్టి ఇంజనును నెమ్మదించేది జనరేటర్ మీదుండే ఎకో స్విచ్చి (మైకులో వచ్చే ఎకో కాదు), దాని గురించి షాపులో ఎవరూ చెప్పరు. మాటలకు, హరికథకు ఎకో వేసుకోవచ్చు. డోలు, బేస్ ఉన్న పాటకు మాత్రం తీసేయండి. ప్రతి దెబ్బకూ లోడు ఒక్కసారిగా లేస్తే, ఇంజను వేగం అందుకునేలోపు కరెంటు తడబడుతుంది. అలాగే పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది గరిష్ఠ శక్తి. గంటల తరబడి ఇచ్చేది దానికంటే తక్కువ, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసే ఆంప్లిఫయర్లు, ఎల్‌ఈడీ లైట్లు లెక్క వేసుకోండి. బోరు మోటారుకు ఇది పనికిరాదు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే గానీ, మోటారు లేచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, మిషను ఓవర్‌లోడై కరెంటు కట్ చేస్తుంది.

మా అనంతపురం దుమ్ముకు ఎయిర్ ఫిల్టరే మొదటి బలి. స్పాంజిని సబ్బు నీళ్ళలో కడిగి, బాగా ఆరబెట్టి, కాస్త ఇంజను ఆయిల్ పట్టించి, పిండి పెట్టాలి. ఆయిల్ పట్టేది అర లీటరు లోపే, కాబట్టి తిప్పే ప్రతిసారీ చూడాలి. మొదటి మార్పు 20 గంటలకు, తర్వాత 100 గంటలకోసారి. పెన్నహోబిలం లాంటి వాలు చోట వంకరగా పెడితే, ఆయిల్ ఉన్నా తక్కువైందనుకుని సెన్సరు ఇంజను ఆపేస్తుంది. చదునైన రాయి చూసుకోండి.

జాతరలు లేని నెలల్లో పెట్రోలు ట్యాంకులో వదలొద్దు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలవున్న పెట్రోలు, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బ్యురేటర్ సన్న రంధ్రాల్లో జిగురు కట్టి మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, లోపలి చుక్క కూడా కాలి ఇంజను తానే ఆగేదాకా తిప్పి పెట్టేయాలి. సర్వీసు మనిషి దొరకడం మా పక్క కష్టం. ఇన్వర్టర్ బోర్డు పోతే ఊరి మెకానిక్ చేతిలో లేదు, బాగుచేయించే ఖర్చు గుండె గుబేల్మనిపిస్తుంది. వానలో తడవకుండా చూసుకోవాల్సింది ఆ బోర్డు కోసమే.

చప్పుడు లేదు కదా అని షామియానా లోపలికి, గుడి మండపంలోకి తేవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, మనిషిని చంపేస్తుంది. పొగ గొట్టం జనానికి అవతలి వైపు, గాలి పోయే దిక్కుకు తిప్పి పెట్టండి. ఇంటి బోర్డుకు కలిపేటోళ్ళు, లైను కరెంటును విడదీసి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్చి పెట్టించకుండా ప్లగ్గులో గుచ్చొద్దు. ఆ కరెంటు వెనక్కి ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్ దాటి లైన్లోకి పోతుంది, స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు అది పోయిన కరెంటో ఉన్న కరెంటో తెలియదు.