అయిదడుగుల ట్యాంకు, బోరు నీళ్లు: ఏ మొక్కలు నిలిచాయి?

నా చేపల ట్యాంకు (అక్వేరియం) కొలత 5×2×2 అడుగులు. అంచుదాకా నింపితే 560 లీటర్ల పైచిలుకు, ఇసుక, రాళ్లు పోగా 500 లీటర్లు. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సిలిండర్ లేదు, నీటిని చల్లబరిచే చిల్లర్ లేదు. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 600 పైనే, మే నెలలో నీటి వేడి 32 డిగ్రీలు దాటుతుంది. మన దగ్గర చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. ఇందులో ఏళ్ల తరబడి పెంచాక ఏ మొక్క ఎలా ఉందో చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు వాలిస్నేరియా, రిబ్బన్లలాంటి పొడవాటి ఆకుల మొక్క. కఠినత ఎక్కువున్న నీళ్లలో చాలా మొక్కలు కార్బన్ దొరక్క నీరసిస్తాయి. ఇది నీటిలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కుంటుంది. అందుకే మన బోరు నీళ్లకు దీన్ని మించింది లేదు. వెనక గోడ పొడవునా రెండేసి అంగుళాల దూరంలో 30 మొక్కలు సరిపోతాయి. నాటేటప్పుడు వేరూ ఆకూ కలిసే తెల్లటి మొదలు ఇసుక పైకి కనబడాలి. అది పూడిపోతే మొక్క కుళ్లుతుంది. మొదటి రెండు మూడు వారాలు పాత ఆకులు కరిగిపోతాయి, కంగారుపడి పీకేయకండి. వేరు పట్టుకున్నాక ఇసుక మీదుగా తీగ పాకి పిలకలు వేస్తుంది. పిలకకు నాలుగైదు ఆకులు వచ్చాకే తల్లి మొక్క నుంచి కత్తిరించాలి. రెండడుగుల ఎత్తుకు స్పైరాలిస్ రకం చాలు. జెయింట్ రకం ఆకులు మీటరు దాటి, నీటిపై పరుచుకుని కింది మొక్కలకు వెలుతురు రానివ్వవు. ఇంకో జాగ్రత్త: లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ పోస్తే వాలిస్నేరియా కరిగిపోతుంది. ఈ మొక్క ఉన్న ట్యాంకులో దాని జోలికి వెళ్లొద్దు.

జావా ఫెర్న్, అనూబియస్‌లను ఇసుకలో నాటకూడదు. ఆకులు పుట్టే అడ్డకాండాన్ని, అంటే రైజోమ్‌ని, పాతిపెడితే అది మెత్తబడి కుళ్లుతుంది. చెక్కకో రాయికో దారంతో కట్టండి, లేదా సూపర్ గ్లూ జెల్ చుక్కతో అంటించండి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరసగా కనిపించే ముదురు చుక్కలు రోగం కాదు, సిద్ధబీజాల గుంపులు. ముదురు ఆకుల్లో గుండుసూది రంధ్రాలు పడి చుట్టూ పసుపెక్కితే మాత్రం పొటాషియం తక్కువైనట్టు. ఎరువుల దుకాణంలో దొరికే 0-0-50 సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వారానికి 5 గ్రాములు 500 లీటర్లకు వేస్తే లీటరుకు దాదాపు 4 మిల్లీగ్రాముల పొటాషియం అందుతుంది. యూరియా, డీఏపీ కలిసిన ఎరువులు వద్దు, వాటి అమ్మోనియా చేపల్ని చంపుతుంది. అనూబియస్ పెరుగుదల చాలా నెమ్మది. లైటుకు నేరుగా పెడితే ఆకులపై పచ్చటి మచ్చల్లా నాచు పడుతుంది. చెక్క నీడలో పెట్టడం మేలు.

క్రిప్టోకొరైన్ వెండ్టియై శ్రీలంక మొక్క. నాటగానే ఆకులన్నీ జావగా కారిపోవచ్చు. వేర్లు కదపకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. ఒకసారి కుదురుకున్నాక చోటు మార్చకండి.

అమెజాన్ స్వోర్డ్ అందమైనదే, తిండి మాత్రం ఎక్కువ. ఒక్కో మొక్క చుట్టూ నాలుగు రూట్ ట్యాబ్‌లు (వేర్ల దగ్గర ఇసుకలో పాతే ఎరువు బిళ్లలు), మూడు నెలలకోసారి. కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. ఇనుము ఎరువులో దాన్ని కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనాలు ఈడీటీఏ, డీటీపీఏ. మన నీళ్ల పీహెచ్‌కు ఈడీటీఏ ఇనుము త్వరగా విడిపోయి మొక్కకు అందదు, డీటీపీఏ రకం కొనండి.

హార్న్‌వర్ట్ కొత్త ట్యాంకు మొదటి నెలలకు మంచిది, నాచుతో పోటీపడి పోషకాలు పీల్చేస్తుంది. కాకపోతే సూదుల్లాంటి ఆకులు రాల్చి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. పీల్చే గొట్టానికి స్పాంజి తొడగాలి.

లక్కీ బ్యాంబూ, మాండో గ్రాస్, సింగోనియం కూడా దుకాణాల్లో నీటి మొక్కలుగా అమ్ముతారు. పూర్తిగా మునిగితే కొన్ని నెలల్లో కుళ్లిపోతాయి. డబ్బు దండగ.

రెండడుగుల లోతుకు వెలుతురు చేరాలంటే 6500కె రంగున్న (పగటి వెలుగులాంటి తెలుపు) 20 వాట్ల నాలుగడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్లు నాలుగు కావాలి. మొదట రోజుకు ఆరు గంటలు, మొక్కలు కుదురుకున్నాక ఏడెనిమిది. అడుగున రెండున్నర అంగుళాల ఇసుకకు సుమారు 95 కిలోలు పడుతుంది. నీరు, అద్దం కలిపితే మొత్తం బరువు 700 కిలోలు దాటుతుంది, స్టాండు దానికి తగ్గట్టు చేయించాలి. ఆస్కార్, గోల్డ్‌ఫిష్, సిల్వర్ డాలర్ పెంచేవాళ్లు ఇసుకలో నాటే మొక్కలు మానుకోవాలి, తవ్వి పీకేస్తాయి లేదా తినేస్తాయి. రాళ్లకు అంటించిన అనూబియస్ ఒక్కటే కాస్త తట్టుకుంటుంది.

ఎండాకాలంలో ముందు దెబ్బతినేది జావా ఫెర్న్, ఆకులు గోధుమరంగుకు తిరుగుతాయి. నీటిపై తగిలేలా ఫ్యాన్ పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ పొడి గాలికి బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు. ఆవిరైపోయిన లోటుకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ ఉంటే లవణాలు లోపలే పేరుకుని టీడీఎస్ ఎక్కుతూ పోతుంది. ఆ లోటు ఆర్వో నీళ్లతో నింపి, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి.