కార్న్‌వాలిస్ ఓడిన ఊరు చూసొచ్చాం

ముప్పై రెండేళ్లు రెవెన్యూ శాఖలో చేశాను. శ్రీకాకుళం జిల్లాలో పాత జమీందారీ గ్రామాల రికార్డులు విప్పినప్పుడల్లా నాకు ఒకప్పటి బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ గుర్తొచ్చేవాడు. 1793లో బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే (జమీందారు సర్కారుకు కట్టాల్సింది ఎప్పటికీ మారకుండా ఖాయం చేయడం) 1802లో మద్రాసు ప్రభుత్వం మన సర్కారు జిల్లాలకు తెచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా మా తాతలు జమీందారుకే శిస్తు కట్టారు. ఆ కార్న్‌వాలిస్ అంతకుముందు బ్రిటిష్ సేనానిగా అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఓడిన యార్క్‌టౌన్, వర్జీనియాలోనే మా అమ్మాయి ఇంటికి మూడున్నర గంటల దూరంలో ఉందని తెలిశాక నేనింక ఆగలేదు.

ముందు బస సంగతి చెప్పాలి. యార్క్‌టౌన్‌కు దగ్గర్లోని పాత ఊరు విలియమ్స్‌బర్గ్ దగ్గర ఒక మోటల్‌లో మా అల్లుడు రాత్రికి 84 డాలర్ల చొప్పున రెండు రాత్రులకు గది బుక్ చేశాడు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక రోజుకు 18 డాలర్లు సదుపాయాల రుసుం అదనం అన్నారు. ఏమిటా సదుపాయాలంటే ఈతకొలను, వైఫై, పొద్దున టిఫిను. కొలనుకు తాళం వేసుంది. వైఫై గదిదాకా అందలేదు. ఎనిమిదింటికి వెళ్తే టిఫిను బల్ల మీద మిగిలింది చల్లటి పాలు, రంగు రంగుల అటుకుల్లాంటి సీరియల్. గది నిండా సిగరెట్ కంపు. వేరే గది అడిగితే లేదన్నారు. పన్నులతో కలిపి 235 డాలర్లయింది. "ఇంటి దగ్గర నేల మీద చాప వేసుకున్నా హాయిగా ఉండేది కదండీ" అని మా ఆవిడ ఆ రాత్రి కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుండిపోయింది. మర్నాడు మధ్యాహ్నందాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బుక్ చేసేముందు పేజీ అట్టడుగుదాకా చదవండి, మొత్తం ఎంతో ఫోన్ చేసి మరీ అడగండి.

విలియమ్స్‌బర్గ్ పాత వీధుల్లో నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్లలోపలికి వెళ్లాలంటేనే కొనాలి. మేం నడిచే చూశాం, రెండు గంటలు చాలు. బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ 1775 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి తుపాకిమందు ఎత్తుకుపోయిన ఆయుధాగారం మాత్రం తప్పక చూడండి. 1776 మే 15న ఈ ఊళ్లోనే వర్జీనియా సభ, స్వాతంత్ర్యం ప్రతిపాదించమని ఫిలడెల్ఫియాలో కూడిన వలసరాజ్యాల కాంగ్రెస్‌లోని తన ప్రతినిధులకు చెప్పింది. జూలై 4 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు అక్కణ్ణుంచే దారి పడింది.

అక్కడినుంచి యార్క్‌టౌన్‌కు కలోనియల్ పార్క్‌వే మీద వెళ్లండి. లారీలుండవు, సిగ్నళ్లుండవు, చివర్లో యార్క్ నది పక్కన ప్రయాణం. యుద్ధభూమి టికెట్ పెద్దవాళ్లకు 15 డాలర్లు. పదహారేళ్ల లోపు పిల్లలకు లేదు కాబట్టి మనవరాలికి కొనలేదు. నలుగురికి 60 డాలర్లు. ఈ ప్రయాణంలో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు ఇదే.

రేంజర్ (పార్కు ఉద్యోగి) చూపిస్తూ వివరించే నడక అదే టికెట్‌లో వస్తుంది, వదులుకోవద్దు. 1781 సెప్టెంబర్ 5న అమెరికా పక్షాన వచ్చిన ఫ్రెంచి నౌకాదళం బ్రిటిష్ వాళ్లకు సముద్రం దారి మూసేసిన దగ్గర మొదలుపెట్టాడాయన. అక్టోబర్ 14 రాత్రి అమెరికా అధికారి హామిల్టన్ మనుషులు గుళ్లు నింపని తుపాకులకు బాయొనెట్లు (కత్తులు) తగిలించుకుని బ్రిటిష్ వాళ్ల పదో నంబరు మట్టికోట మీద పడ్డారు. రెండు రోజులకు కార్న్‌వాలిస్ పడవల్లో నది దాటి తప్పించుకోబోతే గాలివాన అడ్డుకుంది. 19న లొంగుబాటు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన రానేలేదు, తన కింది అధికారి ఒహారాను పంపాడు. ఒహారా లొంగుబాటు కోసం ఫ్రెంచి సేనాని రోషాంబో వైపు వెళ్తే, ఆయన అమెరికా సేనాని వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టన్ తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌ను చూపించాడు. ముందటేడు చార్లెస్టన్‌లో బ్రిటిష్ వాళ్లకు లొంగిపోవాల్సి వచ్చింది ఆ లింకనే.

స్వేచ్ఛ దొరుకుతుందని అమెరికా యజమానుల దగ్గర్నుంచి బ్రిటిష్ వాళ్ల దగ్గరికి పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసల గురించి కూడా రేంజర్ చెప్పాడు. తిండి తగ్గాక వాళ్లను కార్న్‌వాలిస్ బయటికి తోలేశాడట, మశూచి తగిలినవాళ్లను సైతం. రేంజర్ గొంతు అక్కడ బాగా తగ్గింది. తన దేశం గెలిచిన చోట నిలబడి ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

నడక అయ్యాక దగ్గరికెళ్లి, ఇక్కడ ఓడిన అయిదేళ్లకు, 1786లో, కార్న్‌వాలిస్ మాకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడని, ఆయన శిస్తు పద్ధతి మా ఇంటిదాకా వచ్చిందని చెప్పాను. రేంజర్ వెళ్లిపోతున్న ఇరవైమందినీ వెనక్కి పిలిచి, "ఆ తర్వాత కథ ఈయన చెబుతారు" అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పాను: టిప్పు కొడుకుల్ని బందీలుగా తీసుకోవడం, జమీందార్లు, గాజీపూర్‌లో ఆయన సమాధి. ఒక పెద్దావిడ "మరి మీరెప్పుడు బయటపడ్డారు?" అని అడిగింది. 1947 అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మా ఆవిడ అదంతా ఫోన్‌లో తీసి అప్పటికప్పుడే మా తమ్ముళ్లకు పంపింది. నది ఒడ్డున బీచ్‌కు టికెట్ లేదు. ఇసుకలో కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. "తాతా, రేపు కూడా ఇక్కడికే వద్దాం" అంది మనవరాలు. టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది కనుక మర్నాడు పొద్దున కూడా వెళ్లాం.