క్రైస్తవ కౌన్సిలర్ దగ్గర ఈఎండీఆర్ థెరపీ: వెళ్లాలా వద్దా అనుకునేవాళ్లకు నా రివ్యూ

పాత సంఘటన ఒకటి వదలకుండా వెంటాడుతోంది, ప్రార్థన చేస్తున్నాం, అయినా తగ్గడం లేదు, ఎవరో ఈఎండీఆర్ (థెరపిస్ట్ కదిపే వేలిని కళ్లతో అనుసరిస్తూ బాధపెట్టే జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్స) అన్నారు, అది విశ్వాసులకు తగునా అని తటపటాయిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను తీసుకున్నది ఒక క్రైస్తవ కౌన్సిలింగ్ సెంటర్‌లో, ఈ పద్ధతిలో శిక్షణ పొందిన, లైసెన్సు ఉన్న థెరపిస్ట్ దగ్గర. నాకు బాగా పనిచేసింది. అయితే ఎందుకు పనిచేసిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో కూడా చెప్పకపోతే ఈ రివ్యూ వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

నాది రోడ్డు ప్రమాదం. బండి నడుపుతున్నది నా స్నేహితుడు, పక్క సీట్లో నేను. తను చనిపోయాడు. "కాస్త త్వరగా పోనీ" అన్నది నేనే, ఆ మాట ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు. రాత్రిపూట ఎదురుగా లారీ లైట్లు పడితే చాలు గుండె దడ, డీజిల్ వాసన తగిలితే కడుపులో తిప్పడం. సంఘంలో చెప్పుకుంటే ఒక పెద్దాయన విశ్వాసం చాలక అన్నారు, ఇంకొకరు వెనకున్నవి మరచి ముందుకు సాగమని పౌలు రాశాడు కదా అన్నారు. ఆ పౌలే అదే అధ్యాయంలో తాను సంఘాన్ని హింసించిన సంగతి రాసుకున్నాడు, అగ్రిప్ప రాజు ముందు నిలబడి కూడా తన గతమంతా వరుసగా చెప్పాడు. అది మరిచిపోయినవాడు చేసే పని కాదు. జ్ఞాపకం ఉండి కూడా అది మనల్ని నేలకు తొక్కకుండా ఉండటం అనే ఒక స్థితి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, ఈ థెరపిస్ట్ చెప్పేదాకా.

ఇక పద్ధతి విషయానికొస్తే, ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లో పార్కులో నడుస్తుండగా, బాధపెట్టే ఆలోచనలు వచ్చినప్పుడు తన కళ్లు వేగంగా అటూ ఇటూ కదలడం, ఆ తర్వాత ఆ ఆలోచనల పదును తగ్గడం గమనించిందట. 1989లో దీనిమీద మొదటి అధ్యయనం అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలకుండా పీడించే సమస్యకు) సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి. కళ్ల కదలికే అసలు మందా, లేక జ్ఞాపకాన్ని భద్రమైన చోట మళ్లీ ఎదుర్కోవడమే పనిచేస్తోందా అన్న వాదన పరిశోధకుల్లో ఇంకా ఉంది. మనసులో జ్ఞాపకాన్ని పట్టుకుని, అదే సమయంలో కదిలే వేలిని కళ్లతో అనుసరించాలంటే మెదడు రెండు పనులు చేయాలి కాబట్టి జ్ఞాపకంలోని తీవ్రత పలచబడుతుందని ఒక వివరణ. నాకు ఈ వివరణ నమ్మబుద్ధేసింది, ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు జరిగింది అచ్చం అదే.

మొదటి సెషన్లలో మా థెరపిస్ట్ వేలు కదపనే లేదు. నా చరిత్ర అడిగి తెలుసుకోవడం, నన్ను నేను శాంతపరచుకోవడం నేర్పడం, అంతే. ఈ పద్ధతిలో ఎనిమిది దశలు ఉంటాయి, కళ్ల కదలిక వచ్చేది నాలుగో దశలో. ఆత్రంగా వెళ్లినవాళ్లకు ఇది విసుగ్గా ఉండొచ్చు, కానీ ఈ తయారీ లేకుండా తొలిరోజే జ్ఞాపకంలోకి దించేవాళ్లు ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది.

అసలు సెషన్ ఇలా ఉంటుంది. ఆవిడ ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు జరిగి కూర్చుంటారు. ప్రమాదంలో అన్నిటికన్నా కలచివేసే దృశ్యం ఏది, అది చూసినప్పుడు నా గురించి నాకేం అనిపిస్తోంది, దానికి బదులు ఏమని నమ్మగలిగితే బాగుంటుంది అని అడిగారు. నా జవాబు "నా వల్లే పోయాడు". నమ్మాలనుకున్నది "నేను చేయగలిగింది చేశాను". బాధ 0 నుంచి 10లో ఎంత అంటే 9 అన్నాను. తర్వాత రెండు వేళ్లు నా కళ్ల ముందు అటూ ఇటూ, తల కదపకుండా కళ్లతోనే చూడాలి, అర నిమిషం అటూ ఇటుగా. ఆపి "ఊపిరి తీసుకోండి. ఇప్పుడు ఏం వస్తోంది?" అంటారు. నేను ఏదో ఒక మాట అంటే "సరే, దానితోనే వెళ్లండి" అని మళ్లీ మొదలు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు, అది నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

అప్పటిదాకా నా జ్ఞాపకం ఎప్పుడూ గాజు పగిలిన శబ్దం దగ్గరే ఆగిపోయేది. ఆ రోజు అక్కడ ఆగకుండా ముందుకు కదిలింది. అంబులెన్సు వచ్చేదాకా నేను స్నేహితుడి చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, ఎవరో ముసలాయన రోడ్డు పక్కన కూర్చుని తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. ఇవేవీ నేను మరిచిపోయినవి కావు, కానీ ఎన్నడూ అక్కడిదాకా వెళ్లే ధైర్యం లేకపోయింది. ఇంకొకటి, చివర్లో ఒళ్లంతా గమనించి ఎక్కడైనా బిగువు ఉందా చెప్పమన్నప్పుడు నా కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు నేలకు నొక్కుకుని ఉంది. బండి నడిపింది నేను కాకపోయినా ఇన్నేళ్లూ నా కాలు ఆ బ్రేకు తొక్కుతూనే ఉందన్నమాట. ఆవిడ "ఆ కాలిని గమనించండి" అని ఇంకో రెండుసార్లు వేళ్లు కదిపారు, బిగువు నెమ్మదిగా వదిలింది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

విశ్వాసం ఎక్కడ వచ్చిందంటే, నేను అడిగిన చోట మాత్రమే. మొదట్లోనే "సెషన్‌లో ప్రార్థన కావాలా, వద్దా, ఎప్పుడు కావాలి" అని అడిగి రాసుకున్నారు. శాంతి కోసం మనసులో ఊహించుకునే చోటుగా నేను 23వ కీర్తనలోని శాంతికరమైన నీళ్లను ఎంచుకుంటే సరే అన్నారు. కొందరు కౌన్సిలర్లు "ఆ దృశ్యంలో యేసు ఎక్కడ ఉన్నాడో చూడండి" అని వాళ్లే నడిపిస్తారని విన్నాను. ఈవిడ అలా చేయలేదు, అదే సరైనదని నా అభిప్రాయం. మనిషి పూర్తిగా కదిలిపోయి ఉన్న సమయంలో ఫలానాది చూడండి అని చెబితే, ఆయన కనబడకపోతే దేవుడు కూడా నన్ను వదిలేశాడనే ఇంకో గాయం అవుతుంది.

చాలామంది అడిగే భయం ఇది: హిప్నాటిజమా, మనసు ఖాళీ చేయడమా, దురాత్మకు తలుపు తీయడమా? కాదండీ. కళ్లు తెరిచే ఉంటాం, పూర్తి స్పృహలో ఉంటాం, చెయ్యి ఎత్తితే ఆ క్షణమే ఆపేస్తారు. నేను ఒకసారి ఎత్తాను, వెంటనే ఆపారు.

నాకు అన్నిటికన్నా పెద్ద మేలు చేసింది మాత్రం వేళ్ల కదలిక మధ్యలో కాదు, ఆ తర్వాత ఆవిడ అన్న ఒక మాట. ఇన్నేళ్లూ నేను ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ ఆ ప్రమాదాన్ని పాపంగా ఒప్పుకుంటూనే వచ్చాను. "ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని మీరు నమ్ముతారు కదా, మరి ప్రతిసారీ మళ్లీ ఎందుకు ఒప్పుకుంటున్నారు? ఇది మీ పాపం కాదేమో, మీ దుఃఖమేమో చూడండి" అన్నారు. మామూలు థెరపిస్ట్ దగ్గర ఈ మాట ఇలా వచ్చేది కాదు, మామూలు సంఘంలోనూ వచ్చేది కాదు. క్రైస్తవ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లడం నాకు సార్థకమైంది ఇక్కడే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒక సెషన్ టైము అయిపోయిందని హడావిడిగా ముగించారు, జ్ఞాపకం సగంలో తెరిచి ఉండగానే బయటికి పంపినట్టయింది, ఆ రాత్రంతా కలలు, టెన్షన్. చెబితే ఆవిడ వెంటనే ఒప్పుకుని, తర్వాతి నుంచి చివరి పావుగంట శాంతపడటానికే వదిలేశారు, అపాయింట్‌మెంటు కూడా గంటన్నరకు మార్చారు. రెండోది, గది పక్కనే పాటల ప్రాక్టీసు జరుగుతుంది, డ్రమ్స్ చప్పుడుకు ఏకాగ్రత చెదిరింది. ట్రామా కోసం వచ్చేవాళ్లున్న చోట ఇది చిన్న విషయం కాదు, సెంటర్‌వాళ్లు సరిచేయాలి. సెషన్ అయిన రోజు మనిషి బాగా నీరసపడిపోతాడు కాబట్టి ఆ సాయంత్రం వేరే పనులు పెట్టుకోకండి, ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరైనా ఉంటే మంచిది.

ఇప్పుడు బాధ 9 నుంచి 1 దగ్గరికి వచ్చింది. స్నేహితుణ్ని తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖమే, కానీ ఇప్పుడు గుర్తొచ్చేది తన మొహం, లారీ లైట్లు కాదు.

మూర్ఛలు, కళ్ల నొప్పి, ఉన్నట్టుండి చుట్టూ ఏం జరుగుతోందో తెలియకుండా పోవడం లాంటివి ఉంటే ముందే చెప్పండి. డాక్టరు రాసిన మందులు మీ అంతట మీరు ఆపకండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చేరేముందు మాత్రం ఇవి అడగండి: ఈఎండీఆర్‌లో శిక్షణ ఎక్కడ పొందారు, నేను చెప్పింది పాస్టర్ గారికి గానీ సంఘంలో ఇంకెవరికైనా గానీ చేరుతుందా, ప్రార్థన వద్దంటే ఒప్పుకుంటారా. నా విషయంలో మూడింటికీ సూటిగా జవాబిచ్చారు, గోప్యత సంగతి కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టారు. వీటికి నసిగే చోట, ఎంత పేరున్న దైవసేవకులైనా సరే, నేనైతే చేరను.