చంపనివాడికి మరణశిక్షా? ఎన్‌మండ్, టైసన్ తీర్పులు

అమెరికాలో దోపిడీ మధ్యలో ఎవరైనా హతమైతే, చంపని తోడుదొంగ మీదా హత్య కేసు పడొచ్చు.

1982 నాటి ఎన్‌మండ్ కేసులో, ఫ్లోరిడాలో తోటివాళ్లు వృద్ధ దంపతులను కాల్చినప్పుడు ఎన్‌మండ్ రోడ్డు పక్కన కారులో ఉన్నాడు. చంపలేదు, చంపాలనుకోలేదు కాబట్టి మరణశిక్ష, క్రూరమైన శిక్షలను నిషేధించే అమెరికా రాజ్యాంగ 8వ సవరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది.

1987లో టైసన్ కేసుతో ఆ గీత పక్కకు జరిగింది. టైసన్ అన్నదమ్ములు ఐస్ పెట్టెలో తుపాకులు దాచి అరిజోనా జైలు నుంచి తండ్రిని తప్పించారు. తర్వాత సాయం చేద్దామని కారు ఆపిన కుటుంబాన్ని తండ్రి, అతని తోటి ఖైదీ కాల్చేశారు. కొడుకులు కాల్చలేదు. అయినా నేరంలో పెద్ద పాత్ర, ప్రాణమంటే లెక్కలేనితనం ఉంటే మరణశిక్షకు చాలంది కోర్టు, మళ్లీ 5-4తోనే. ఆ లెక్కలేనితనాన్ని దేనితో కొలుస్తారు? నా భయమంతా అక్కడే. చంపనివాడిపై హత్యానేరం మోపడాన్ని మాత్రం రెండు తీర్పుల్లో ఏదీ కొట్టేయలేదు.