ప్లాస్టిక్ మ్యాన్, స్పిరిట్: ముందు ఎవరిని చదవాలి?

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ బొమ్మల కథల సంకలనం 'పోలీస్ కామిక్స్'. 1941 ఆగస్టులో మొదలైంది. నేరగాళ్ల పనిపట్టే హీరోలు అందులో చాలామందే ఉన్నా, ఇప్పటికీ చదవదగ్గవాళ్లు నా దృష్టిలో ఇద్దరే.

జాక్ కోల్ సృష్టించిన ప్లాస్టిక్ మ్యాన్ అసలు దొంగ. పేరు ఈల్ ఓబ్రయన్. కెమికల్ ఫ్యాక్టరీలో దోపిడీకి వెళ్లినప్పుడు తూటా తగులుతుంది, గాయంలో యాసిడ్ పడుతుంది, ఒళ్లు రబ్బరులా సాగడం మొదలవుతుంది. తనను కాపాడిన సన్యాసి మంచితనం చూసి దారి మార్చుకుంటాడు. కుర్చీగానో తివాచీగానో మారి దొంగల మధ్యే ఉంటాడు. కానీ ఆ ఎరుపు రంగు, నడుము దగ్గర పసుపు నలుపు చారలు మాత్రం పోవు. గదిలో ఎర్రగా ఏది కనిపించినా ఆగి చూడాల్సిందే! ఈ సరదా ఇంకే కామిక్‌లోనూ నాకు దొరకలేదు.

విల్ ఐస్నర్ సృష్టించిన స్పిరిట్‌కు శక్తులేమీ లేవు. కళ్లకు చిన్న ముసుగు, నీలం సూటు, టోపీ. చనిపోయాడని లోకం నమ్మిన డిటెక్టివ్ ఇతను, మకాం శ్మశానం కింద. 1940లో వార్తాపత్రికల అనుబంధంగా మొదలైన ఈ కథలను 'పోలీస్ కామిక్స్' 11వ సంచిక నుంచి మళ్లీ వేశారు. నీడలు, చీకటి సందులు అద్భుతం. స్పిరిట్‌కు సాయపడే ఎబొనీ అనే నల్లజాతి కుర్రాడిని వెక్కిరింపుగా గీసిన తీరు మాత్రం చాలా బాధ పెడుతుంది. ఐస్నర్ 1942లో సైన్యంలోకి వెళ్లాక వేరేవాళ్లు నడిపిన కథల్లో బిగువూ తగ్గింది. వాళ్లలో జాక్ కోల్ కూడా ఉన్నాడు.

అందుకే యుద్ధకాలం వరకైతే ముందు ప్లాస్టిక్ మ్యాన్. స్పిరిట్ కథలు మాత్రం ఐస్నర్ తిరిగొచ్చాక గీసినవి వెతికి చదవండి.