మా కాలనీ పెద్దవాళ్ల సెంటర్: బాత్రూమ్ మారాకే జనం వచ్చారు

తార్నాక వైపు మా కాలనీలో కమ్యూనిటీ హాలును ఆనుకుని ఉన్న గదులనే సీనియర్ సిటిజన్ల సెంటర్‌గా మార్చారు. తెరిచిన కొత్తలో చేరినదాన్ని, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.

మొదట్లో డబ్బంతా కంటికి కనిపించే వాటికే పోయింది. గోడంత టీవీ, రెండు ట్రెడ్‌మిల్లులు. వాటిని ఎక్కినవాళ్లు నాకు తెలిసి లేరు, వానాకాలంలో గొడుగులు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయి. బాత్రూమ్‌లో మాత్రం కింద కూర్చునే సీటు, నున్నటి టైల్స్. మోకాళ్ల నొప్పులవాళ్లు ఒకసారి వచ్చి మళ్లీ కనపడేవారు కాదు. అడిగితే "ఇంట్లో పనుందండీ" అనేవారు. అసలు సంగతి ఎవరు నోరు విప్పి చెబుతారు?

చివరికి మేమే చందాలు వేసుకుని వెస్టర్న్ కమోడ్, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, గరుకు టైల్స్ పెట్టించాం. ర్యాంపుదీ అదే కథ. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. కాంట్రాక్టరు అందులో సగం కూడా వదల్లేదు, వీల్‌చెయిర్ తోసేవాళ్లకే ఆయాసం వచ్చేది. మాలో రిటైరైన ఇంజినీరు గారొకరు టేపు పట్టుకుని, ఎండలో దగ్గర నిలబడి మళ్లీ కట్టించారు. అప్పట్నుంచీ కుర్చీలు చాలడం లేదు.

ఆడవాళ్లు రాకపోవడానికి కారణం వేరు. సాయంత్రం 4కి తెరిచేవారు. సరిగ్గా అప్పుడే మనవలు స్కూలు బస్సు దిగుతారు, ఇక ఎలా కదులుతాం? ఉదయం 11 నుంచి 1 దాకా తెరవమని పట్టుబట్టాం. ఇప్పుడు విష్ణు సహస్రనామం, తంబోలా, ఆ తర్వాత కోడళ్ల ముచ్చట్లు. మగవాళ్ల క్యారమ్స్ కన్నా మా దగ్గరే సందడెక్కువ.

నవంబరులో మాత్రం ఈ సెంటర్ విలువ తెలుస్తుంది. పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్ కదా, బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించాలి. వేలిముద్రలు అరిగిపోయి మెషిన్ పట్టక మళ్లీ మళ్లీ తిరిగేవాళ్లం. 2021లో ముఖం చూపించే పద్ధతి వచ్చాక, కాలనీ కుర్రాడొకడు వచ్చి ఫోన్లోనే జీవన్ ప్రమాణ్, అంటే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, చేసిపెడుతున్నాడు. "అమ్మమ్మా, కళ్లజోడు తీసి ఒక్కసారి కళ్లార్పు" అంటాడు. ఆవిడ గట్టిగా మూసుకుని కూర్చుంటుంది. మళ్లీ మొదలు.

నోటీసు బోర్డు మీద పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ నంబరు 14567 పెద్దక్షరాలతో రాయించారు, మంచి పని. పిల్లలు పట్టించుకోకపోతే తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల కోసం తెచ్చిన 2007 చట్టం కింద మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) అడగొచ్చని చాలామందికి ఇక్కడే తెలిసింది.

లోపాలు లేకపోలేదు. పక్క హాల్లో ఫంక్షన్ ఉంటే మైకు హోరుకు మా తలుపులు మూసేయాల్సిందే. ఫిజియోథెరపిస్టు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అన్నిటికన్నా పెద్ద లోటు బండి. కాలనీ అవతలి చివర నుంచి నడిచి రాలేనివాళ్లకు ఆటో ఖర్చు భారమే. ట్రెడ్‌మిల్లులు అమ్మేసి నెలవారీ ఆటో మాట్లాడమని కమిటీకి కాగితం ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.