ఇన్సులిన్‌కి సిరంజి వాడాను, పెన్నూ వాడుతున్నాను

చాలా ఏళ్లు సిరంజితో పొడుచుకున్నాక పెన్నుకు, అంటే రాసే పెన్నులా ఉండే ఇన్సులిన్ ఇంజెక్షన్‌కు మారాను. ఏది కొనాలని ఎవరడిగినా, స్తోమత ఉంటే పెన్నే తీసుకోండి అంటున్నాను.

సిరంజి చవక. నొప్పి కూడా భయపడినంత ఉండదు. కానీ పని ఎక్కువ. ముందు సీసాలోకి గాలి ఎక్కించాలి, తలకిందులు చేసి మందు లాగాలి, బుడగలు పోయేదాకా గోటితో తట్టాలి, సరిగ్గా ఆ సన్నగీత దగ్గర ఆపాలి. చత్వారం వచ్చినవాళ్లకి అదో పరీక్ష.

అసలు టెన్షన్ సిరంజి మూత రంగుతో. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత సిరంజే వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకి. బెజవాడలో ఒక మందుల షాపతను నారింజది చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండీ" అన్నాడు. ఎలా ఒకటవుతాయి? 40 రకం మందును ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. పెన్ను కార్ట్రిడ్జ్‌లోని (పెన్నులో పెట్టే మందు గొట్టంలోని) 100 రకం మందును ఎర్రమూత సిరంజితో 20 దాకా లాగితే ఏకంగా 50 యూనిట్లు! షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి మూత, సీసా మీది అంకె రెండూ చూసుకోండి.

పెన్నుతో ఆ లెక్కలు లేవు. డయల్ తిప్పితే టిక్కుటిక్కుమంటూ అంకె కనబడుతుంది. నా సూది 4 మిల్లీమీటర్లే, నిటారుగా గుచ్చితే చాలు. ముందు 2 యూనిట్లు బయటికి వదిలి చుక్క రావడం చూస్తాను, బటన్ నొక్కాక పది లెక్కపెట్టి తీస్తాను. తొందరపడితే మందు చర్మం మీదే కారుతుంది. సూదుల ఖర్చు మాత్రం తప్పదు. అయినా వాడిన సూదిని పెన్నుకే ఉంచేయకండి, లోపలికి గాలి చేరుతుంది.

మన మే నెల ఎండలకి సీసా మందూ, పెన్ను మందూ రెండూ తట్టుకోవు. కొత్తవి ఫ్రిజ్ తలుపులో ఉంచుతాను, ఫ్రీజర్‌లో ఎప్పుడూ కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

దేంతో పొడుచుకున్నా చోటు మార్చాలి. బొడ్డు పక్కన ఒకేచోట పొడిస్తే కొవ్వు గడ్డలా ఉబ్బుతుంది, అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి మళ్లీ అటే పోతుంది. కానీ అక్కడ మందు సరిగ్గా ఎక్కదు. గడ్డ వదిలి మంచి చోటికి మారేముందు డాక్టరుకి చెప్పండి, అదే డోసుకి షుగర్ బాగా తగ్గిపోవచ్చు. నాకు డోసు తగ్గించి రాశారు.